నాలుగు మండలాల గొంతు

ఉదయం ఎనిమిదింటికి సలోమి లంకపాలెం రెండో వీధిలో అడుగుపెట్టేసరికి, ఆమె గొంతు అప్పటికే ఆ వీధిలో ఇరవై ఇళ్ళలో మాట్లాడుతోంది.

"మాత్ర వేసుకున్నావా తల్లీ?" అని ఒక గుమ్మంలోంచి. "కూరలో ఉప్పు తగ్గించు నాన్నా" అని ఇంకో వంటింట్లోంచి. జవాబులు కూడా అంతే జోరుగా వస్తున్నాయి. "ఆఁ, వేసుకున్నా." "ఆఁ, తగ్గించా." అరుగు మీద కూర్చున్న ముసలాయన ఒకడు చేతిలో మాత్రను కోళ్ళ గంప వైపు విసిరి "ఆఁ, మింగేశా" అన్నాడు. ఎదురుగా సలోమి నిలబడి చూస్తున్నా తడబడలేదు.

"మామయ్యగారూ, అది గుండె మాత్ర. కోళ్ళకి ఎందుకు?"

"ఆఁ, వేసుకుంటా, వేసుకుంటా" అన్నాడాయన, ఆమె వైపు చూడకుండానే.

సలోమి మళ్ళీ చెప్పలేదు. చెప్పీ చెప్పీ ఎప్పుడో విసుగొచ్చింది.

ఆరోగ్యవల వచ్చి అప్పటికి పన్నెండేళ్ళు. ప్రతి మనిషి మణికట్టుకీ ఒక నాడిపట్టీ, ప్రతి ఇంటికీ ఒక పలుకుపెట్టె. పట్టీ రక్తపోటు, చక్కెర, నాడి పసిగట్టి వలకి పంపుతుంది. ఎక్కడో ఉన్న దూరవైద్యులు, వాళ్ళకన్నా ఎక్కువగా లెక్కలు కట్టే యంత్రాలు, ఏం చెయ్యాలో తేలుస్తాయి. అది పలుకుపెట్టె చెబుతుంది. మందులు తూనీగలాంటి చిన్న విమానం తెచ్చి పెరట్లో వదిలేస్తుంది. మొదట్లో పెట్టెలో ఎవరిదో తియ్యటి గొంతు పెట్టారు. జనం వినలేదు. ఊళ్ళో నర్సు చెబితే మాత్రం వింటున్నారని తేలాక, సలోమిని ఏలూరు తీసుకెళ్ళి తొమ్మిది రోజులు ఒక గదిలో కూర్చోబెట్టి మూడు వేల వాక్యాలు చదివించారు. మిగతావి యంత్రమే ఆమె గొంతుతో అల్లుకుంటుంది. ఇప్పుడు నాలుగు మండలాల్లో ఆ గొంతే. సంతకం పెట్టేటప్పుడు సలోమి మురిసిపోయింది కూడా. వాళ్ళ వంశంలో నర్సు చదువు చదివిన మొదటి మనిషి ఆమే మరి.

ఇప్పుడామె పని పెట్టెలు తుడవడం, బ్యాటరీలు మార్చడం, వల ఎర్రగుర్తు పెట్టిన ఇళ్ళకి వెళ్ళి రావడం. రక్తపోటు చూసే పాత పరికరాన్ని కూడా అవసరం లేదని ఆఫీసువాళ్ళు తీసేసుకున్నారు.

స్వప్న ఇంటిది పచ్చగుర్తు. బ్యాటరీ కోసమే లోపలికి వెళ్ళింది. చిన్నకోడలు మోక్షిత చాప మీద గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఎనిమిదో నెల. మాటలు తక్కువ పిల్ల, నవ్వి తల ఊపింది. ఆ మొహం చూడగానే సలోమి చేతిలో బ్యాటరీ చేతిలోనే ఉండిపోయింది. రెప్పలు ఉబ్బి కళ్ళు సగం మూసుకుపోయాయి. పాదాలు గుండ్రంగా మెరుస్తున్నాయి. సలోమి వంగి కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కింది. పడ్డ గుంట ఎంతసేపటికీ పూడలేదు.

"తలనొప్పుందా?"

"ఉందక్కా. రెండ్రోజుల్నించీ."

"కళ్ళముందు ఏవైనా మెరుస్తున్నాయా?"

"చుక్కలు చుక్కలుగా..."

"ఆసుపత్రికి వెళ్ళాలి తల్లీ. ఇప్పుడే."

"ఆఁ, వెళ్తా" అంది మోక్షిత అలవాటుగా. వంటింట్లోంచి అత్త స్వప్న కూడా "ఆఁ, పంపిస్తాం లే" అని కేకేసింది.

"స్వప్నగారూ, ఓసారి ఇలా రండి. ఈ మాటలు పెట్టెలోవి కాదు, నావి."

స్వప్న చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నువ్వా సిస్టరమ్మా! పొద్దుట్నించీ నీ గోలేగా ఇంట్లో, నువ్వే వచ్చావనుకోలేదు. ఏంటంట?"

"పిల్లకి రక్తపోటు బాగా పెరిగినట్టుంది. ఫిట్స్ రావచ్చు. తల్లీ బిడ్డా ఇద్దరికీ ప్రమాదం."

"నీరు పట్టిన కడుపు మంచిదే అనేది మా అమ్మ. అయినా పెట్టెని అడుగుదాం." స్వప్న గోడ వైపు తిరిగింది. "మా మోక్షితకి ఎలా ఉందే?"

పెట్టె సలోమి గొంతుతో కమ్మగా పలికింది. "బీపీ చాలా బాగుంది తల్లీ. కంగారేం లేదు. హాయిగా పడుకోమను."

"విన్నావా?" స్వప్న నవ్వింది. "నువ్వే చెబుతున్నావు బాగుందని, మళ్ళీ నువ్వే బాలేదంటావు. మేం ఏ సలోమి మాట వినాలి?"

సలోమి మోక్షిత చేతులు చూసింది. రెండు చేతులకీ ఎర్ర, పచ్చ గాజులు నిండుగా ఉన్నాయి. పట్టీ లేదు.

"దీని పట్టీ ఏదండీ?"

పెద్దకోడలు కృతిక పెరటి గుమ్మం దగ్గర నిలబడి రెండు చేతులూ ముందుకి చాపింది. రెండింటికీ చెరో పట్టీ ఉంది. "గాజులు తొడిగిన రోజు చోటు లేక తీశాం సిస్టరక్కా. పక్కన పెడితే ఎవరూ కట్టుకోలేదని పెట్టె అరగంటకోసారి అరిచేది. పోనీ, ఒకే ఇంటి కోడళ్ళం, ఒకటే కూడు తింటున్నాం కదా అని నేనే కట్టుకున్నా. పద్దెనిమిది రోజులైంది."

పద్దెనిమిది రోజులుగా వల కృతిక నాడి చూస్తూ మోక్షితకి కులాసా అని రాసుకుంటోంది.

"ఆ గాజులు తీసి పట్టీ కట్టండి, పెట్టే చెబుతుంది."

"పురుడు కాకుండా గాజులు తీస్తారా! ఏం మాటలవి?" స్వప్న మొహం ముడిచింది.

సలోమి బండి కోసం ఆఫీసుకి ఫోను చేసింది. అవతల పలికింది కూడా ఆమె గొంతే. "పచ్చ ఇంటికి బండి పంపే వీలు లేదు తల్లీ. మంచినీళ్ళు తాగి కాసేపు విశ్రాంతి తీసుకో." ఆమె ఫోను పెట్టేసి ఇంట్లోవాళ్ళని బతిమాలింది, కసిరింది, గట్టిగా అరిచింది. ఎంత అరిచినా ఆ ఇంట్లో అది రోజూ వినే గొంతే. కృతిక అప్పుడే బియ్యం చెరగడం మొదలుపెట్టింది.

సలోమి మాట్లాడడం మానేసింది. స్వప్న చెయ్యి పట్టుకుని తెచ్చి కోడలి మణికట్టు మీద పెట్టింది. గాజుని పైకి తొయ్యమన్నట్టు సైగ చేసింది.

స్వప్న తోసింది. గాజు కదల్లేదు. ఇంకోటి తోసింది. అది కండలోకి దిగి ఉంది, చుట్టూ చర్మం ఉబ్బి పైకి లేచింది. స్వప్న ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"నేనే తొడిగానే వీటిని" అంది చిన్నగా. "మోచేతిదాకా జారిపోతున్నాయని నవ్వుకున్నాం కదే..." తర్వాత వీధిలోకి పరుగెత్తి, రొయ్యల షెడ్డుకి ఐసు తీసుకెళ్ళే వ్యానుకి అడ్డం నిలబడింది.

దారిలో మోక్షితకి ఒకసారి ఫిట్స్ వచ్చాయి. సలోమి ఆమెను పక్కకి తిప్పి, తల ఒళ్ళో పెట్టుకుని పట్టుకుంది. పట్నం ఆసుపత్రిలో వెంటనే ఆపరేషన్ చేశారు. ఇంకో గంట ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదని డాక్టరమ్మ చెప్పింది. ఆడపిల్ల. కిలోన్నర.

ఆరో రోజు సలోమి చూడ్డానికి వెళ్ళింది. ఆ ఆరు రోజులూ ఆఫీసువాళ్ళకి కాగితాలు రాయడంతోనే గడిచాయి. ఎక్కడెక్కడ ఎవరి పట్టీ ఎవరు కట్టుకున్నారో అన్ని ఇళ్ళూ తిరిగి రాసుకు రమ్మన్నారు. నిద్ర చాలని కళ్ళు మండుతున్నాయి.

పసిపిల్లల గదిలో అద్దాల తొట్టి పక్కన మోక్షిత చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది. బిడ్డ సన్నగా, ఆపకుండా ఏడుస్తోంది. మోక్షిత రంధ్రంలోంచి ఒక వేలు లోపలికి పెట్టి "అమ్మీ, అమ్మీ" అంటోంది. నాయనమ్మ స్వప్న చిటికెలు వేస్తోంది. బిడ్డకి పట్టలేదు.

సలోమి గుమ్మంలోంచే అడిగింది. "ఎలా ఉన్నావు తల్లీ?"

ఏడుపు టక్కున ఆగింది.

బిడ్డ కళ్ళు తెరవకుండానే మొహం గుమ్మం వైపు తిప్పింది. గుప్పిట్లు వదులయ్యాయి.

"చూశావటే!" స్వప్న పకపకా నవ్వింది. "ముచ్చటపడి చూడ్డానికి వచ్చిన సిస్టరమ్మని గుర్తుపట్టేసింది దొంగపిల్ల! మాట్లాడు సిస్టరమ్మా, ఇంకా మాట్లాడు!"

అంటూనే కోడలి మొహం చూసి నవ్వు ఆపేసింది.

మోక్షిత వేలు ఇంకా రంధ్రంలోనే ఉంది. "రోజుకి పదకొండుసార్లు మాట్లాడేదానివి కదక్కా నాతో" అంది బిడ్డనే చూస్తూ. "నా మంచం పక్కనేగా ఆ పెట్టె. నేనెప్పుడూ ఆఁ అనేదాన్ని, అంతే. దీనికి నా గొంతు ఎలా తెలుస్తుంది?"

సలోమికి చెప్పడానికి చాలా ఉంది. నాలుగు రోజుల్లో అలవాటు పడుతుందని, గుండెలకి హత్తుకుంటే వాసన పట్టుకుంటుందని, నెలలు నిండని పిల్లలు ఇలాగే ఉంటారని. ఆ మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. ఒక్కటి పలికినా బిడ్డ మళ్ళీ ఇటే తిరుగుతుంది. ఆమె పెదవులు బిగించి, మోక్షిత భుజం నొక్కి, బిడ్డ వైపు చూపించింది. నువ్వు మాట్లాడు అన్నట్టు. గదిలోంచి బయటికొచ్చి తలుపు వేసింది.

లోపల ఏడుపు మళ్ళీ మొదలైంది. దాని మీదుగా మోక్షిత గొంతు, ఏం మాట్లాడాలో తెలీక, పొద్దున తిన్న ఇడ్లీల గురించి, షెడ్డులో రొయ్యల గురించి, ఆగి ఆగి మాట్లాడుతోంది.

వరండాలో ఎవరో పెద్దావిడ చీటీ పట్టుకుని వచ్చి, మందుల కొట్టు ఎటువైపమ్మా అని అడిగింది. తలుపు పల్చనిది. సలోమి నోరు విప్పలేదు. చేత్తో చూపించింది.