పెర్సీ షెడ్డులో నిలబడ్డ స్క్రూలు

ఆస్ట్రేలియాలో మా ఊరు యారంబీ. అక్కడ చీకటి పడ్డాక పెర్సీ షెడ్డు ముందు నుంచి ఎవరూ నడవరు. తాగినవాళ్లు కూడా నడవరు. క్లబ్బు నుంచి ఇళ్లకి అదే దగ్గర దారి. అయినా సరే, గోధుమ గాదెల వైపు చుట్టు తిరిగి, ముళ్ల కంచె దాటి, ప్యాంట్లు చింపుకుని మరీ పోతారు.

కారణం లేకపోలేదు. పెర్సీ ట్రెలోర్ ఆ షెడ్డులో నలభై ఏళ్లు శవపేటికలు చేశాడు. ఊళ్లో పోయినవాళ్లందరికీ కొలతలు తీసింది ఆయనే. వీధిలో బతికున్నవాళ్లు ఎదురైనా ఒకసారి తల నుంచి కాళ్ల దాకా చూసేవాడు... ఆ చూపు మా నాన్నకి బొత్తిగా నచ్చేది కాదు. చివరికి ఒక సాయంత్రం, ఒక పేటికకి ఆఖరి స్క్రూ బిగిస్తూ పెర్సీ అక్కడే కూలిపోయాడు. ఆ పేటిక ఆయనకే సరిగ్గా సరిపోయిందంటారు. నేను కొలవలేదు.

అప్పట్నించీ రాత్రిళ్లు ఆ షెడ్డులో స్క్రూడ్రైవర్ తిరుగుతున్న చప్పుడు వస్తుందని చెప్పుకుంటారు. కిర్ర్... కిర్ర్... అని. దీపం మాత్రం ఉండదట.

నేను ఇలాంటివి నమ్మను. ఊళ్లో సామాన్ల కొట్టు నాది. మేకులూ రంగులూ అమ్ముకునేవాడికి దెయ్యాలతో ఏం పని? ఇదంతా క్లెమ్ నాకు చెప్పింది, చెప్పినట్టే చెప్తున్నాను.

క్లెమ్ నాతో బడిలో చదివాడు. జీవితమంతా స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడు. పెర్సీ ఒక్కగానొక్క కూతురు నోలాని చేసుకున్నాడు. ఆ పెద్దమనిషి బతికున్నన్నాళ్లూ అల్లుణ్ణి పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. "ఒరే సన్నాసీ" అనేవాడు. చర్చిలో ఉంగరం తొడిగేటప్పుడు కూడా అలాగే పిలిచాడు. నేను పక్కనే ఉన్నాను.

ఆ షెడ్డులో శవపేటికలు కాక ఇంకొకటి ఉండేది... పెర్సీ 1958లో తన చేతులతో కట్టిన ప్లైవుడ్ కారవాన్, చక్రాల మీద చిన్న ఇల్లు లాంటిది. ఏటా క్రిస్మస్‌కి దాన్ని కారు వెనక తగిలించి, పెళ్లాన్నీ పిల్లనీ సముద్రానికి తీసుకెళ్లేవాడు. ఆయన పోయాక అది అక్కడే బూజు పట్టింది.

పోయినేడాది నోలా కళ్లకి మసకలు కమ్మడం మొదలైంది. కంటి నరం ఎండిపోతోంది, క్రిస్మస్ దాకా చూపు నిలవొచ్చు, ఆ తర్వాత మాట ఇవ్వలేం అన్నాడు డాక్టరు. ఆ రోజు క్లెమ్ తిన్నగా నా కొట్టుకి వచ్చాడు.

"ఒరేయ్ నెవ్, ఆ కారవాన్ బాగుచేస్తానురా. చాసీ నుంచి పైదాకా మొత్తం. ఈ క్రిస్మస్‌కి దాని కిటికీలోంచి నోలాకి సముద్రం చూపించాలి."

"నువ్వా?" అన్నాను. ఉలి ఏ వైపు పట్టుకోవాలో తెలియని మనిషి మరి! కానీ వాడి కళ్లల్లో నీళ్లు చూసి నోరు మూసుకున్నాను. వెనక్కి తిరిగి రంగు డబ్బాలు సర్దినట్టు నటించాను.

ఇంటికెళ్లి నోలాకి ఆంక్ష పెట్టాడు. పూర్తయ్యేదాకా షెడ్డులో కాలు పెట్టకూడదు, ఒక్కసారిగా చూసి మూర్ఛపోవాలి అని.

"సరేలేవయ్యా," అందిట నోలా. "ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. మా నాన్న స్క్రూలన్నీ నిలబెట్టేవాడు."

అంటే ఏమీ లేదు. స్క్రూ తల మీద గీత ఉంటుంది చూశారూ... అది నిట్టనిలువుగా ఉండాలి. అడ్డంగా ఉంటే వాన నీరు అందులో నిలిచి చెక్క కుళ్లిపోతుందని పెర్సీ సిద్ధాంతం. శవపేటికలకి కూడా అలాగే బిగించేవాడు. భూమిలోపల వానేమిటని ఆయన్ని అడిగే ధైర్యం ఎవరికుంది?

"స్క్రూ బిగిసిందా లేదా అంతే గానీ, అది నించుంటే ఏంటి, పడుకుంటే ఏంటి?" అన్నాడు క్లెమ్. పెర్సీ కూతురితో, పెర్సీ ఇంటి వంటగదిలో నించుని!

ఏప్రిల్లో పని మొదలైంది. పై ప్లైవుడ్ తీస్తే టీలో ముంచిన బిస్కెట్టులా చేతికి ఊడొచ్చింది. దాని వెనక చట్రం పొడి పొడి. ఆఖరికి మిగిలింది రెండు చక్రాలూ, ఒక తుప్పు పట్టిన చాసీ. తుప్పంతా గీకి, ఎప్పుడో బస్సుకి వేయగా మిగిలిన పసుపు రంగు పూశాడు.

ఒక రోజు మొహం పాలిపోయి కొట్టుకి వచ్చాడు. కారవాన్ వంట బల్ల చెక్క తిరగేస్తే అడుగున పెన్సిలుతో రాసి ఉందిట... 'మిసెస్ ఓక్, అయిదడుగుల రెండంగుళాలు.' పెర్సీ పేటికల్లో మిగిలిన చెక్కలన్నీ ఈ బండికే వాడాడన్నమాట.

"ఇన్నేళ్లూ వీళ్లు మిసెస్ ఓక్ మీద రొట్టెలు కోసుకుని తిన్నార్రా!"

"పోనీలేరా, ఆవిడ మంచిది. ఏమీ అనుకోదు," అన్నాను.

సెప్టెంబరు నాటికి కొత్త చట్రం లేచింది. కొత్త ప్లైవుడ్ ఎక్కింది. అతుకుల మీద పట్టీలు పెట్టి, నా కొట్టులో కొన్న ఇత్తడి స్క్రూలతో ఒక పక్కంతా బిగించాడు. ఒకటి ఇటు, ఒకటి అటు, చేతికొచ్చినట్టు. చీకటి పడ్డాక ఇంటికెళ్లి పడుకున్నాడు.

పొద్దున వచ్చి చూస్తే...

స్క్రూలన్నీ నిలబడి ఉన్నాయి.

ఒకటి కాదు, రెండు కాదు. ఆ పక్క ఉన్న అరవై నాలుగూ! నిట్టనిలువుగా... కవాతులో సిపాయిల్లాగా.

తనే అలా బిగించి మర్చిపోయాడేమో అనుకున్నాడు క్లెమ్. ఆ రోజు రెండో పక్క బిగించాడు. పంతానికి ప్రతి స్క్రూనీ అడ్డంగానే ఆపాడు. మర్నాడు పొద్దున అవీ నిలబడ్డాయి.

షెడ్డుకి తాళం వేశాడు. తాళం వేసినట్టే ఉంది, స్క్రూలు నిలబడ్డాయి.

నేల మీద రంపపు పొట్టు పల్చగా చల్లాడు... అడుగులు పడతాయి కదా అని. పొద్దున చూస్తే పొట్టే లేదు. నేలంతా శుభ్రంగా ఊడ్చి ఉంది. పొట్టు ఒక మూల కుప్ప పోసి ఉంది. చీపురు గోడకి ఆనించి ఉంది.

"దెయ్యం ఊడ్చి పోయిందిరా నెవ్!" అన్నాడు, నా కౌంటరు మీదికి వంగి. "మా మామే. ఆయనకి చెత్త అంటే పడదు."

"నువ్వంటే కూడా పడదు కదా. నిన్నెందుకు ఊడ్చెయ్యలేదు?" అన్నాను. వాడు నవ్వలేదు.

నవంబరు వచ్చేసింది. క్లెమ్ రోజూ షెడ్డు గడప దాకా వెళ్లి వెనక్కి వచ్చేస్తున్నాడు. చూస్తే క్రిస్మస్ నెత్తి మీద ఉంది, కారవాన్‌కి ఇంకా కప్పు లేదు. పని ఆగితే నోలా సముద్రం ఇక ఎప్పటికీ చూడదు. దాంతో తెగించాడు. రాత్రికి కాపలా కాసి మామతో ముఖాముఖి తేల్చుకుంటానన్నాడు.

"నువ్వూ రారా, తోడుగా."

మా ఆవిడకి నడుం నొప్పి అని చెప్పాను. మా ఆవిడ నడుం ఈ జిల్లాలోకల్లా గట్టిది. అది క్లెమ్‌కీ తెలుసు.

ఇక ఆ రాత్రి సంగతి.

మా ఇంట్లో పేకాట ఉందని, తెల్లారేదాకా రానని నోలాతో అబద్ధం చెప్పి, క్లెమ్ ఎనిమిదింటికే షెడ్డులో దూరాడు. కారవాన్ నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. చేతిలో టార్చి, పొట్ట మీద మాంసం కూరిన రొట్టె ఒకటి. రోజూ పడుకోబోయే ముందు తీసేసే చెవి మిషను ఆ రాత్రి పెట్టుకునే ఉన్నాడు... కొత్త బ్యాటరీలతో.

తొమ్మిదైంది. రేకులు చల్లబడుతూ టక్కుమన్నాయి. రొట్టె తినబుద్ధి కాలేదు.

తొమ్మిదిన్నర...

తాళం తిరిగింది. తలుపు తెరుచుకుంది. మూసుకుంది.

వెలుతురు లేదు. టార్చి లేదు, అగ్గిపుల్ల లేదు. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. ఆ చీకట్లో అడుగులు... ఒట్టి కాళ్ల అడుగులు. రంపం బల్ల, చెక్కల దొంతర, రంగు డబ్బాలు... దేనికీ తగలకుండా, ఎక్కడా తడబడకుండా, సొంత ఇంట్లో నడిచినట్టు నడుచుకుంటూ వస్తున్నాయి.

కారవాన్ గోడ అవతల ఆగాయి.

టిక్... టిక్... టిక్... గోరుతో ఒక్కొక్క స్క్రూ తలనీ తడుముతున్న చప్పుడు.

కిర్ర్...

క్లెమ్ దేవుణ్ణి తలుచుకుందామనుకున్నాడు. ప్రార్థన సగం దాకా వచ్చి ఆగిపోయింది. బదులుగా నోటికి బస్సు స్టాపుల పేర్లు వచ్చాయి. అవే వరసగా చదువుకున్నాడు, పాపం.

టిక్... టిక్... కిర్ర్... దగ్గరికి... ఇంకా దగ్గరికి... తలుపు లేని గుమ్మం దాకా వచ్చేసింది. కారవాన్ ఒక పక్కకి కొద్దిగా ఒరిగింది. ఎవరో లోపలికి ఎక్కారు.

టార్చి మీట మీద బొటనవేలు ఉంది. అది కదలదు.

అప్పుడు... చెవి దగ్గరే... గుసగుసగా...

"వెలుతురు వెయ్యరా సన్నాసీ... వేసి, చూడు."

వేలు దానంతటదే నొక్కుకుంది.

ఎదురుగా నోలా!

రాత్రి గౌను, చెదిరిన జుట్టు, చేతిలో వాళ్ల నాన్న చెక్క పిడి స్క్రూడ్రైవర్. పెదాల మధ్య వరసగా అయిదు ఇత్తడి స్క్రూలు.

క్లెమ్‌కి ప్రాణం లేచొచ్చింది. పకపకా నవ్వాడు. "నువ్వటే! ఓసి నీ దుంప తెగ! చంపేశావు కదే!"

ఆమె ఉలిక్కిపడింది. గబగబా స్క్రూలు అరచేతిలోకి ఉమ్మింది. మొహం చెక్కల దొంతర వైపు తిప్పింది.

"క్లెమ్? ఎక్కడున్నావయ్యా?"

క్లెమ్ ఆమెకి మూడడుగుల దూరంలో ఉన్నాడు. టార్చి వెలుతురు ఆమె కళ్లలోనే పడుతోంది. ఆ కళ్లు రెప్ప వెయ్యలేదు.

అతను టార్చి కిందికి దించాడు.

"ఎప్పట్నించి?" అన్నాడు.

"ఆగస్టులోనే, శీతాకాలం వెళ్లేలోపే."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే ఈ పని ఆపేసి మంచం పక్కన కూర్చుంటావు. నీ ఏడుపు నేను వినలేను." ఆమె చేత్తో గోడ తడిమింది. "చూపు పోతే పోయింది గానీ, మా నాన్న బండికి స్క్రూలు పడుకుంటే నాకు నిద్ర పట్టదయ్యా. తాళం చెవి ఇంకోటి చూరు కింద మేకుకి ఉంటుంది, చిన్నప్పట్నించీ తెలుసు. దీపం ఆర్పేసి గోరుతో గీత చూడ్డం నాకు ఎనిమిదో ఏటే నేర్పాడు. ఆ మధ్య మరీ, కాళ్ల కింద అంత చెత్తేమిటి? ఊడ్చుకోవద్దూ?"

ఇక్కడ నేను ఒక మాట అనక తప్పదు. పొద్దున టీ తాగి షెడ్డుకి, చీకటి పడ్డాక పక్క మీదికి... ఏడు నెలలు. పెళ్లాం కళ్ల కోసం అంత పనిలో మునిగిపోయి, ఆ కళ్లకేసి చూసే తీరిక లేకపోయింది క్లెమ్‌కి. నేనేమన్నా తక్కువా? సెప్టెంబరులో ఆమె వాడి చెయ్యి పట్టుకుని నా కొట్టుకి వస్తే, "ఈ వయసులో ఏం సరసం నోలా!" అని వేళాకోళం చేశాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ రాత్రి క్లెమ్ నేల మీద కూలబడి ఏడ్చేశాడు. సముద్రం చూపిద్దామనుకున్నానే, ఆలస్యం చేశానే అని.

"సముద్రం ఎక్కడికీ పోలేదు," అంది నోలా. "వినపడుతుంది, వాసనొస్తుంది. నాకు కావాల్సింది చుక్క నీరు కారని కారవాన్. అదీ నువ్వు కడుతున్న తీరు చూస్తే అనుమానమే. లే, ఆ పట్టీ పట్టుకో."

మర్నాటి నుంచి ఇద్దరూ కలిసే పని చేశారు. పట్టుకోవడం క్లెమ్ వంతు, బిగించడమూ తిట్టడమూ నోలా వంతు. క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు కప్పు పడింది. పసుపు చాసీ మీద ఆ కారవాన్ మెయిన్ రోడ్డెక్కితే, ఊరంతా వచ్చి చూసింది. నేను కొట్టు మూసేసి మరీ వెళ్లాను. స్క్రూలన్నీ ఒక్కొక్కటే చూశాను. ఒక్కటి కూడా పక్కకి వాలలేదు.

సముద్రం ఒడ్డున మొదటి రాత్రి. అలల చప్పుడు. ఇద్దరూ పక్కపక్కన పడుకుని ఉన్నారు. క్లెమ్‌కి ఎప్పట్నించో మనసులో గుచ్చుకుంటున్న మాట ఒకటి అప్పటికి పైకొచ్చింది.

"అది సరేగానీ నోలా... ఆ రోజు షెడ్డులో నన్ను అంత మాట అనొచ్చా? మీ నాన్న అన్నట్టే అన్నావు."

"ఏమన్నాను?"

"వెలుతురు వెయ్యరా సన్నాసీ, వేసి చూడు అని."

నోలా అతని వైపు తిరిగింది.

"నోట్లో అయిదు స్క్రూలు పెట్టుకుని ఎవరు మాట్లాడతారయ్యా?" అంది. "అయినా... వెలుతురు వెయ్యమని నేనెందుకు అడుగుతాను?"

అంతే, అటు తిరిగి హాయిగా నిద్రపోయింది.

క్లెమ్ లేచి దీపం వెలిగించాడు. తెల్లారేదాకా ఆర్పలేదట. మంచం పక్కన కూర్చుని, ఆమె మొహం కేసే చూస్తూ ఉండిపోయాడట.