ఏడో ర్యాక్‌లో రెండూ ఇరవై

ఆ ఆస్పత్రి నేలమాళిగలోని సర్వర్ గది పేరెత్తితే చాలు, రాత్రి డ్యూటీవాళ్ళకి ఎక్కడలేని జ్వరాలూ వచ్చేసేవట. శవాల గదికైనా వెళ్తాం గానీ అక్కడికి మాత్రం మా వల్ల కాదు అనేవాళ్ళు. ఏడో ర్యాక్‌లో ఎవరో ఉన్నారట. రాత్రి సరిగ్గా రెండూ ఇరవైకి... చప్పుడు చేస్తారట. రెండుసార్లు. కాస్త ఆగి — ఇంకోసారి.

ఊరికే పుట్టిన పుకారు కాదది. పదకొండు నెలల కిందట రాత్రి డ్యూటీ ఇంజినీరు ఆ ర్యాక్ ముందే, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఆయన భార్యదీ అదే పని, అదే ఆఫీసు. ఆ తరవాత ఆవిడ పగటి డ్యూటీకి మారి పై అంతస్తుకి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ మెట్లు దిగలేదు.

ఆయన ఒంటిగంటకే పోయాడన్నారు డాక్టర్లు. ఆవిడ ఒప్పుకోలేదు.

"రోజూ డ్యూటీ దిగేటప్పుడు పెట్టినట్టే, రెండూ ఇరవైకి నాకు మెసేజ్ పెట్టాడండీ. బయల్దేరాను, గొళ్ళెం తియ్యి అని. ఒంటిగంటకి పోయిన మనిషి ఎలా పెడతాడు?"

ఆఖరి క్షణంలో కూడా తననే తలుచుకున్నాడన్నదొక్కటే ఆవిడకి మిగిలిన ఊరట. ఆ ఆఖరి మెసేజ్ మీద ఇంకోటి వచ్చి పడకూడదని ఆ ఫోను ఆపేసి, బీరువాలో బట్టల అడుగున దాచేసింది. కొత్త ఫోను, కొత్త నంబరు తీసుకుంది. ఆయన కోసం ఎవరైనా ఫోన్ చేస్తే "డ్యూటీలో ఉన్నారు" అనేది. తెలిసినవాళ్ళు మాట మార్చేసేవాళ్ళు.

ఇంతలో దెయ్యం చప్పుళ్ళతో ఆగలేదు. వారం రోజులుగా, సరిగ్గా అదే సమయానికి, ఏ గ్రూపు రక్తం ఎన్ని సీసాలుందో చూపించే ప్రోగ్రాం చచ్చిపోతోంది. నిన్న రాత్రి ఒక పసిబిడ్డ ఆపరేషన్ బల్ల మీద ఉండగా నర్సులు ఫ్రిజ్‌లన్నీ తెరిచి వెతుక్కున్నారు. బిడ్డ అదృష్టం, దొరికింది.

పొద్దున్నే పై అధికారి వచ్చి ఆవిడ బల్ల ముందు నిలబడ్డాడు. "ఆ మిషన్ సెట్టింగులన్నీ ఆయన చేసినవి మేడమ్. మీకు తప్ప ఎవరికీ అంతుపట్టవు..."

ఆ రాత్రి ఆవిడ మళ్ళీ ఆ మెట్లు దిగింది. ముసలి వాచ్‌మన్ టార్చి పట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు.

"లోపలికి రావా బాబాయ్?"

"మోకాళ్ళ నొప్పులమ్మా."

"లోపల మెట్లేం లేవుగా."

"ఉన్నా లేకపోయినా... నొప్పి నొప్పే కదమ్మా," అన్నాడు గుమ్మంలోనే చతికిలబడుతూ.

గదిలో ఏసీ చలి. ఫ్యాన్ల హోరు. ఆయన కుర్చీ అక్కడే ఉంది. దాన్ని ముట్టుకోకుండా ఒక స్టూలు లాక్కుని కూర్చుంది.

రెండూ పద్దెనిమిది... పంతొమ్మిది...

బీప్. బీప్. — బీప్.

ఆ వరస ఆవిడకి తెలుసు. బెల్లు కొడితే పాప లేస్తుందని ఆయన ఇంటి తలుపు అలాగే తట్టేవాడు. రెండుసార్లు... ఆగి, ఇంకోసారి.

"వచ్చారా?" అంది, తనకే వినపడనంత మెల్లగా.

జవాబుగా తెర మీద ఒక వరస పడింది. మెమరీ నిండిపోయింది — రక్తం ప్రోగ్రాం చంపబడింది.

చంపింది దెయ్యం కాదు, మిషన్‌ని లోపల్నుంచి నడిపించే కెర్నెల్. మెమరీ అంతా నిండిపోతే, మిషన్ మొత్తం కూలిపోకుండా అది ఏదో ఒక ప్రోగ్రాంని బలి తీసుకుంటుంది. దేన్ని తీసుకోవాలో, దేన్ని వదిలెయ్యాలో మనం అంకెలతో చెప్పుకోవచ్చు. మైనస్ వెయ్యి అని పెడితే ఇక దాని జోలికి రాదు. ఈ పని ఆవిడకి నేర్పింది ఆయనే.

మరి మెమరీ అంతా మింగుతున్నదెవరు? చూసింది. చిన్న ప్రోగ్రాం. పేరు — గొళ్ళెం. అంకె — మైనస్ వెయ్యి.

దాన్ని తెరిచింది. రోజూ రెండూ ఇరవైకి ఒక మెసేజ్ పంపాలి. చేరినట్టు జవాబు రాకపోతే రెండుసార్లు, ఆగి ఇంకోసారి బీప్ కొట్టాలి, దాన్ని దాచి, మర్నాడు కొత్తదానితో కలిపి మళ్ళీ పంపాలి. ఎన్ని పోగుపడ్డా పారెయ్యకూడదు. పైన ఆయన రాసుకున్న మాట ఉంది.

"దీన్ని చంపొద్దు. మొన్న ఇది చచ్చిపోతే మెసేజ్ వెళ్ళలేదు. నేను ఆలస్యమై తెల్లారి వెళ్ళేసరికి తను గొళ్ళెం దగ్గరే నిలబడి ఉంది."

కింద చిట్టా. ఆయన పోయిన రాత్రి, రెండూ ఇరవై — చేరింది. ఆ తరవాత ప్రతి రాత్రీ... చేరలేదు. చేరలేదు. చేరలేదు. మూడొందల పైచిలుకు. ఆ పోగే పెరిగి పెరిగి, వారం కిందట మెమరీని నింపేసింది.

ఆఖరి మెసేజ్ పెట్టింది ఆయన కాదు. అప్పటికి ఆయన పోయి గంటా ఇరవై నిమిషాలైంది. డాక్టర్లు చెప్పింది నిజం.

రక్తం ప్రోగ్రాంకీ మైనస్ వెయ్యి పెట్టొచ్చు. అప్పుడు ఇంకోటి చస్తుంది, రేపు మరోటి. ఇంటికెళ్ళి పాత ఫోను తెరిచినా చాలు, అన్నీ చేరిపోయి మెమరీ ఖాళీ అవుతుంది. కానీ రేపు రాత్రి మళ్ళీ బయల్దేరానంటాడు. ఎల్లుండీ అంటాడు. తను మళ్ళీ గొళ్ళెం తీసి నిలబడుతుంది...

గొళ్ళెం ప్రోగ్రాంని తన చేత్తో ఆపలేకపోయింది. దాని మైనస్ వెయ్యి చెరిపేసి సున్నా పెట్టింది. రక్తం ప్రోగ్రాంని మళ్ళీ నడిపించి, మిగతాది కెర్నెల్‌కే వదిలేసింది.

నిమిషం కూడా పట్టలేదు. తెర మీద ఒకే ఒక్క వరస — గొళ్ళెం చంపబడింది.

ఫ్యాన్ల హోరు తగ్గింది. రక్తం ప్రోగ్రాం నడుస్తూనే ఉంది.

గుమ్మంలోంచి టార్చి వెలుగు పడింది. "అమ్మా..." గుసగుసగా అడిగాడు వాచ్‌మన్. "ఉన్నాడా?"

ఆవిడ లేచి, ఆయన కుర్చీని బల్ల కిందికి తోసింది.

"లేడు బాబాయ్," అంది. పదకొండు నెలల్లో ఆ మాట ఆవిడ నోట రావడం అదే మొదటిసారి. అన్నాక ఇక నిలబడలేకపోయింది. మోకాళ్ళ నొప్పుల సంగతి మరిచిపోయి ముసలాయన లోపలికి పరిగెత్తుకొచ్చాడు.