ఏడో మంచం మిషను

మా పెద్దమ్మ కూతురు నాకన్నా సరిగ్గా నాలుగు నెలలు పెద్ద. ఆ నాలుగు నెలలకే నేను దాన్ని అక్కా అనాలి. అది మాత్రం నన్ను పొట్టీ అంటుంది, నలుగురిలో కూడా.

ఇద్దరం ఒకే కాలేజీలో శ్వాస చికిత్స కోర్సు చదివాం. ఊపిరి అందని వాళ్ళకి వెంటిలేటరు పెట్టి చూసుకోవడం మా పని. దాంతోపాటు రష్యన్ భాష క్లాసుకీ వెళ్ళేవాళ్ళం. రెండు చదువుల్లోనూ ముందున్నవాళ్ళని ఆర్నెల్ల శిక్షణకి రష్యాలో ఒక ఆసుపత్రికి పంపుతారు. ఒక్కరినే. ఆ మాట విన్నప్పటినుంచి నాకు తిన్నది ఒంటబట్టలేదు.

"అక్కని చూసి నేర్చుకోవే" అనేది అమ్మ. చూస్తూనే ఉన్నాను. చూసి చూసి కళ్ళు మండేవి.

రష్యన్ మేడమ్‌కి కూడా అదంటేనే ముద్దు. పెద్దావిడ, ఎప్పుడూ పుదీనా బిళ్ళ చప్పరిస్తూ ఉండేది. ఎవరైనా పాఠం చదువుతూ తడబడితే బల్ల మీద వేలితో తట్టి "దిషీతే" అనేది. ఊపిరి తీసుకోండి అని. మా రెండు చదువులకీ పనికొచ్చే మాట అదొక్కటే అని నవ్వుకునేవాళ్ళం.

పరీక్షలకి నెల ముందు ఆవిడ ఊపిరితిత్తులు పాడై, మేం పని నేర్చుకునే వార్డులోనే చేరింది. ఏడో మంచం. గొంతులో గొట్టం, నోట మాట లేదు. ఒక మధ్యాహ్నం నేను పక్కనుండగా కళ్ళు తెరిచింది. నన్ను చూసి, తల అడ్డంగా ఊపి, చెయ్యి పైకెత్తి పొడుగు అన్నట్టు చూపించింది. మా ఇద్దర్లో పొడుగు అక్కే. అది అప్పుడు బయట వరండాలోనే ఉంది.

"అక్క రాలేదు మేడమ్. నేనున్నానుగా" అన్నాను.

ఆవిడ నన్ను చాలాసేపు చూసి కళ్ళు మూసుకుంది. చార్టులో నిమిషానికి పంతొమ్మిది ఊపిర్లు అని రాసి ఇంటికెళ్ళిపోయాను. ఆ కళ్ళు మళ్ళీ తెరుచుకోలేదట. అక్క మూడు రోజులు ఏడ్చింది. "ఒక్కసారి కనబడి ఉంటే బాగుండేదే పొట్టీ" అంటే వీపు నిమిరాను. నిజం చెప్పాలంటే, అప్పుడు కూడా నాకు కుళ్ళే. దానికోసం అడిగిందే, నాకోసం ఎవరడుగుతారని.

ఆసుపత్రివాళ్ళు ఆవిడకి పెట్టిన ఆ పాత వెంటిలేటరు మిషన్ని మా ల్యాబుకి ఇచ్చేశారు. పక్కన 7 అన్న స్టిక్కరు అలాగే ఉంది. ప్రాక్టికల్ పరీక్ష రోజు చీటీలు తీస్తే అది అక్కకి వచ్చింది. నాకు కొత్త మిషను.

భోజనాల వేళ అందరూ బయటికెళ్ళాక నేను ల్యాబులోకి దూరాను. కిటికీల్లేని గది. రబ్బరు వాసన, స్పిరిట్ వాసన. ఏడో మిషను గొట్టాల మధ్య, తేమ దిగడానికి చిన్న ప్లాస్టిక్ కప్పు ఉంటుంది. దాన్ని ఊడదీసి కోటు జేబులో వేసుకున్నాను. ఇక ఆ కంతలోంచి గాలంతా పోతుంది, అక్క పరీక్ష తప్పుతుంది. అంతే నా ఎత్తు.

పని అయిందో లేదోనని, రోగికి బదులు పెట్టే రబ్బరు తిత్తి తగిలించి మిషను వేశాను. నిమిషానికి పన్నెండు ఊపిర్లు పెట్టాను. గాలి పోతుంటే అలారం మోగాలి.

మోగలేదు.

తిత్తి నిండుగా ఉబ్బింది. తగ్గింది. తెర మీద పచ్చ చుక్క మెరిసింది. రోగి తనంతట తాను ఊపిరి లాగితేనే ఆ చుక్క వస్తుంది. రబ్బరు ఎక్కడైనా ఊపిరి లాగుతుందా...

లెక్క మారింది. పధ్నాలుగు... పదిహేడు... పంతొమ్మిది.

మిషను ఆపేశాను. తెర నల్లబడింది. తిత్తి ఆగలేదు. ఉబ్బుతోంది... తగ్గుతోంది... గొట్టం లోపల ఆవిరి పట్టింది. పుదీనా వాసన. నేను తీసిన కంతలోంచి, చెవి దగ్గరే అన్నట్టు...

"దిషీతే."

కప్పు తిరిగి పెట్టాలన్న ఆలోచన కూడా రాలేదు. పరిగెత్తాను.

రెండు గంటలకి పరీక్ష. అక్క ఏడో మిషను ముందు నిలబడింది. కంత నాకు కనబడుతూనే ఉంది. సార్ తెర వైపు వంగి, "గాలి పోవడం లేదు. శభాష్" అన్నారు.

తర్వాత నా వంతు. కొత్త మిషను, అన్నీ బిగించే ఉన్నాయి. అలారం ఆగకుండా మోగింది. సార్ తిత్తి మార్చారు, గొట్టాలు మార్చారు. "మిషను బాగానే ఉందమ్మా. మరి గాలి ఎక్కడికి పోతోంది?" అన్నారు. నా జేబు దగ్గర వెచ్చగా తగిలింది.

రష్యా వెళ్ళే రోజు అక్క పెట్టె సర్దుకుంటూ మెల్లగా అడిగింది. "ఆవేళ ల్యాబులో పుదీనా వాసన వచ్చిందే. మేడమ్ నన్ను చూడ్డానికొచ్చిందేమో అనిపించింది. నీకూ వచ్చిందా?"

అప్పుడైనా చెప్పేయాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా.

"లేదక్కా" అన్నాను.

దాన్ని సాగనంపి వచ్చి, బల్ల సొరుగులో దాచిన కప్పు తీశాను. ఎక్కడో పారేద్దామని. పొడిగా ఉండాల్సిన కప్పు లోపల మసకగా ఆవిరి పట్టింది. పోయింది. మళ్ళీ పట్టింది. గడియారం పెట్టుకుని లెక్కపెట్టాను. పంతొమ్మిది.

నా ఊపిరే తగులుతోందేమోనని దూరంగా పెట్టి చూశాను. ఆగలేదు. చివరికి అరచేత్తో గట్టిగా మూశాను.

ఆగింది.

నాకు ఊపిరి ఆడలేదు.

ఛాతీ ఎగరేశాను, నోరు తెరిచాను... ఏమీ లోపలికి రాలేదు. కళ్ళు బైర్లు కమ్ముతుంటే చెయ్యి తీసేశాను. ఒక్కసారిగా వచ్చిన ఆ మొదటి ఊపిరి పుదీనా వాసన వేసింది.