మారెక్క పాటలో ఖాళీలు

"ఏమప్పా, నీ కాడ దొంగ సరుకు గాకుండా ఏమన్నా ఉండాదా?"

జాయ్ నన్ను చూసి విసుక్కుంటూ అన్న మాట అది. ప్రేమకథలకు ఇంతకన్నా మంచి ఆరంభాలుంటాయని నాకూ తెలుసు. ఏం చేస్తాం, నాకు దక్కింది ఇదే.

నా పేరు ఓబిలేష్. అనంతపురం టవర్ క్లాక్ వెనక సందులో నాకో చిన్న గది, ఒక పాత కంప్యూటర్, ఒక మైకు ఉన్నాయి. వీధుల్లో తిరిగే ప్రచార ఆటోలకు మాటలు రికార్డు చేసిస్తాను. చీరల సేలైనా, బోరు మోటార్ల ఆఫరైనా మీ చెవులు చిల్లులు పడేలా అరిచేది నేనే.

ఆ రోజు ఆమె స్కూలు లాప్‌టాప్ ఒకటి చంకన పెట్టుకుని వచ్చింది. ప్రైవేటు బడిలో సైన్స్ టీచరట. ఒక గొంతు ఒక వరుసలో, ఇంకో గొంతు ఇంకో వరుసలో పడే సాఫ్ట్‌వేర్ కావాలంది.

"మల్టీట్రాకా? అసలుది కొనాలంటే నీ మూడు నెలల జీతం. క్రాక్ చేసింది నా కాడ ఉండాది, వేసిస్తా" అన్నాను గొప్పగా. అప్పుడే ఆ మాట పడింది. ఫ్రీగా ఇచ్చేవి కూడా ఉంటాయంట, అవి చూడమంది.

"ఫ్రీగా వచ్చేది మంచిదైతాదా మేడం?"

"గాలి ఫ్రీనే గదా. పీల్చకుండా ఉన్నావా?"

నాకు పౌరుషం వచ్చింది. ఫ్రీగా వచ్చేవన్నీ పనికిమాలినవని నిరూపించాలని ఆమె ఎదుటే వెతకడం మొదలుపెట్టాను. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ దొరికింది. పైసా అడగలేదు. నా పాత కంప్యూటర్లో కూడా చకచకా నడిచింది. ఎన్ని వరుసలు కావాలంటే అన్ని పెట్టుకోవచ్చు. ఇన్నేళ్ళు దొంగ సరుకుతో కుస్తీ పట్టినందుకు నా మీద నాకే చిరాకేసింది.

"ఓడిపోయినావు గదా" అని నవ్వింది. ఆ నవ్వుకి నేను పూర్తిగా పోయాను, దాచడమెందుకు.

"ఎవురు పాడేది? నువ్వేనా?" అని అడిగాను.

నవ్వు ఆగిపోయింది. "మా యమ్మ. గొంతులో క్యాన్సరు. పది దినాల్లో కర్నూల్లో ఆపరేషను. గొంతులో పెట్టె తీసేస్తారంట. ఆ తర్వాత మాట్లాడల్యాదు."

వాళ్ళమ్మ మారెక్క కలుపు పాటలు పాడుతుంది. కలుపు తీసేటప్పుడు ఆమె ఒక చరణం ఎత్తుకుంటే వెనక ఆడవాళ్ళు అందుకుంటారు. జాయ్ చిన్నప్పటి నుంచీ ఆ అందుకునే గుంపులో ఉంది. "ఇప్పుడు నేను ఆమెతో పాడల్యాను. నోరు తెరిస్తే ఏడుపొస్తాంది. ముందు ఆమెది ఒక్కటే పట్టుకోవాల. నాది తర్వాత పాడి కలుపుతా. అందుకే రెండు వరుసలు" అంది.

ప్రేమకథన్నాక వాన పడాలి. మాది అనంతపురం. ఆ ఏడు ఆగస్టు సగమైనా ఒక్క చినుకు లేదు. శింగనమల దగ్గర వాళ్ళ ఊరికి నేను మైకు పట్టుకుపోయిన రోజు, దారి పొడుగునా వేరుశనగ చేలు మాడి ఉన్నాయి. కలుపు కూడా మొలవని ఏడు అది.

మారెక్క ఇంటి ముందు నేల మీద కూర్చుని ఉంది. ఆమెను ఏమని పిలవాలా అని ఒక నిమిషం ఆలోచించాను. పెద్దమ్మా అంటే జాయ్ నాకు చెల్లెలైపోతుంది.

"బాగుండావా అత్తా?" అన్నాను.

జాయ్ నా వైపు గుర్రుగా చూసింది. మారెక్క నన్ను కింది నుంచి పైదాకా చూసి, బొంగురు గొంతుతో, "యాడ దొరికినాడే ఈ పిల్లోడు? వరస బాగా తెల్సు" అంది.

ఆ రోజు ఏడు పాటలు పాడింది. పాటకీ పాటకీ మధ్య నీళ్ళు తాగింది, దగ్గింది, గోడకు ఆనుకుంది. జాయ్ ఇంటి వెనక్కి పోయి నిలబడింది. ఏడో పాట అయ్యాక మారెక్క "సాలు నాయనా, ఇంక లేదు" అంది. నేను విన్న ఆమె చివరి మాట అదే.

వాళ్ళు కర్నూలు పోయారు. నేను ఆ పాటలను ముద్దుగా తయారు చేసి ఇవ్వాలనుకున్నాను. ఊరకుక్కల మొరుగుళ్ళు తీసేశాను, దగ్గులు తీసేశాను. ఇక నా వృత్తి బుద్ధి ఒకటుంది కదా. ఆటో ప్రచారంలో మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉంటే షావుకారు తిడతాడు. ఖాళీలన్నీ ఒక్క దెబ్బతో కోసేసే బటన్ ఆడాసిటీలో ఉంది. నొక్కాను. చరణాలన్నీ పక్కపక్కన చేరి పాటలు సగానికి దిగాయి. చక్కగా ఉన్నాయనుకున్నాను. కంప్యూటర్లో చోటు చాలక, కోయకముందు ఉన్న అసలు రికార్డింగులు చెరిపేశాను కూడా.

ఇరవై రోజుల తర్వాత జాయ్ వచ్చింది. మనిషి సగమైపోయింది. ఆపరేషన్ అయింది, అమ్మ ఇంట్లో ఉంది, మెడ దగ్గర గొట్టం పెట్టారు అని చెప్పి, హెడ్‌ఫోన్ చెవులకు పెట్టుకుని మైకు ముందు కూర్చుంది. పాట మొదలైంది. మారెక్క ఒక చరణం ముగించింది. జాయ్ అందుకోబోయేలోగా రెండో చరణం వచ్చి ఆమె నోరు మూసేసింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ అంతే.

"మా యమ్మ ఇంత తొందరగా పాడదు. ఏం చేసినావు?"

చెప్పాను. ఖాళీలు వేస్టనుకున్నానని.

"అవి నా చోట్లప్పా" అంది మెల్లిగా. అరిచినా బాగుండేది. "నేను పాడాల్సిన చోట్లు. మేమందరం పాడాల్సిన చోట్లు. అన్నీ కోసేసినావా? ఒక్కటి కూడా ఉంచలేదా?"

హెడ్‌ఫోన్ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. నా చేతులతో నేనే ఆమె నోరు నొక్కినట్టనిపించింది.

ఖాళీలను మళ్ళీ పెట్టాలని చూశాను. పెట్టడం కష్టం కాదు. ఎంత పెట్టాలన్నదే తెలియదు. అన్నిచోట్లా ఒకే కొలత పెడితే ఆటో ప్రచారంలాగే ఉంది. ఆ కొలత నిర్ణయించేది పాట ఎత్తుకునే మనిషి ఒక్కతే. ఆమెకు గొంతు లేదు.

మూడో రోజు పొద్దున్నే మైకూ, అరువు తెచ్చిన లాప్‌టాపూ తీసుకుని శింగనమల బస్సెక్కాను. జాయ్ ఇంట్లో లేదు, రిపోర్టుల కోసం కర్నూలు పోయిందని పక్కింటామె చెప్పింది. మారెక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మెడకు గుడ్డ చుట్టి ఉంది. నేను ఆమె ముందు కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. "నీ పాట చెడగొట్టినా అత్తా. నాకు తెల్దు, ఖాళీ అనుకున్యా. నువ్వే చెప్పాల."

పాట పెట్టాను. ఆమె విన్నది. తన గొంతు తనే విన్నప్పుడు ఆమె ముఖం నేను చూడలేకపోయాను. మొదటి చరణం ముగియగానే చెయ్యెత్తి ఆపమంది. తర్వాత వంగి, నేల మీద లేని కలుపును పీకింది. పక్కన పడేసింది. మోకాళ్ళ మీద ఒక జానెడు ముందుకు జరిగి, చెయ్యి పైకెత్తి నోరు తెరిచింది. అంటే ఇప్పుడు రెండో చరణం.

అదీ కొలత. ఆడవాళ్ళు అందుకుని పాడుతూ ఒక పిడికెడు కలుపు పీకి ముందుకు జరిగేంత సేపు. కలుపు ఒత్తుగా ఉన్న సాల్లో పాడే పాటైతే రెండు పిడికెళ్ళు. పలచగా ఉంటే ఒక్కటే. నేను ఆమె చెయ్యి చూస్తూ, ఫోన్లో సెకన్లు లెక్కపెడుతూ, ఒక్కో ఖాళీని తిరిగి పెట్టాను. మధ్యలో ఆమె ఆయాసపడింది. వద్దంటే కసిరినట్టు చూసి మళ్ళీ వంగింది. సాయంత్రానికి ఆరు పాటలయ్యాయి.

జాయ్ వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఎవురు రమ్మన్నారు నిన్ను?"

"ఎవురూ రమ్మనలేదు. నువ్వంటే నాకిష్టం, అది వేరే సంగతి. ఇది మాత్రం నేను చేసిన తప్పు, నేనే దిద్దాల."

ఆమె నన్ను బయటికి పిలిచింది. చేతిలో రిపోర్టు కవరు నలిగి ఉంది. "గొంతుతో ఆగలేదంట. ఊపిరితిత్తుల్లోకి దిగిందంట. ఆర్నెల్లంట" అని నా భుజానికి తల ఆనించి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కాసేపటికి ఆమె ముఖం తుడుచుకుని, "యాడిదాకా వచ్చినారు?" అంది.

"ఏడోది మిగిలింది."

లోపలికి వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. ఆ పాట పెట్టాను. "ఎంత దూరమే ఈ సాలు, ఎవరొస్తారే తోడుకు" అని మారెక్క గొంతు అడిగింది. ఆపాను. మారెక్క కలుపు పీకింది, పడేసింది, జరిగింది. చెయ్యి మాత్రం ఎత్తలేదు. ఇంకోసారి పీకింది, పడేసింది, జరిగింది. అప్పుడెత్తింది.

"రెండు పిడికెళ్ళా అత్తా?"

కాదని తల ఊపింది. మొదటి దానికి జాయ్‌ను చూపించింది. రెండో దానికి వేలు నా మీద పెట్టింది.

నాకు అర్థం కాలేదు. జాయ్ తల వంచుకుంది. "ఇది ఆలుమొగుల పాట. ఆడోల్లు 'నేనొస్తా' అన్నాక, గట్టు మీద నుంచి మొగోల్లు అదే మాట అందుకోవాల."

మారెక్క మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆ చూపులో తొందర ఉంది. ఆమె చేతిలో ఉన్న కాలం ఎంతో ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు.

రెండో వరుస తెరిచాను. జాయ్ పాడింది. గొంతు వణికింది గానీ తెగలేదు. మూడో వరుస తెరిచి మైకు నా వైపు తిప్పుకున్నాను. నోరు తెరిస్తే నా అలవాటు కేకే వచ్చింది.

"అరవద్దప్పా" అంది జాయ్. "పక్కనుండే మనిషికి చెప్పినట్ల చెప్పు."

"ఎవురికి?"

"నాకు."

మారెక్క మళ్ళీ వంగింది. ఆడవాళ్ళ పిడికెడు పీకి పడేసి, ముందుకు జరిగి, తల తిప్పి నా కోసం ఆగింది.

"నేనొస్తా" అన్నాను.