మంద మళ్లిన చోట

వానకి జారి ఒట్టావియో బురదలో కూలబడగానే పైనెవరో పకపకా నవ్వారు.

"నవ్వేబదులు చెయ్యందించొచ్చుగా!" అన్నాడు ఉక్రోషంగా.

పొగమంచులోంచి ఎర్సీలియా దిగింది. యుద్ధానికెళ్లిన అన్న తిరిగి రాకపోవడంతో గొర్రెల కర్ర ఆమె చేతికొచ్చింది. రాయి మీంచి రాయి మీదికి ఆ అడుగులు పడుతుంటే అతను లేవడమే మరచిపోయాడు.

"నిఘంటువుకి మాటలేరుకోవడానికి రోమ్ నుంచొచ్చిన పంతులుగారు మీరేనా? ఇవాళ బురదలో ఏం దొరికింది?"

"'అజిలె' అనే మాట. చురుకైన, అని అర్థం. ఇంగ్లీషువాళ్ల ఎజిలిటీ కూడా దాని చుట్టమే. రెండింటికీ మూలం పాత లాటిన్‌లోని 'అగెరె'. అంటే మందని తోలడం."

"అయితే ఆ మాట మాదే! అర్థమేం రాశారు?"

"వేగంగా కదలగలగడం."

"కొట్టెయ్యండి. వేగంగా తోలితే గొర్రెలు లోయలో పడతాయి. మంద మళ్లకముందే ఎటు మళ్లుతుందో కనిపెట్టి మనం అక్కడుండాలి."

ఆ తర్వాత పదిరోజులూ అతను ఆమె వెంటే తిరిగాడు. అబ్రుజ్జో కొండల మీద మబ్బులేవో, గొర్రెలేవో తెలిసేది కాదు. మాటలకన్నా ఆమె చూపులే ఎక్కువ పోగయ్యాయి.

పదోరోజు సాయంత్రం పిడుగు పడింది. మంద బెదిరింది. ఎర్సీలియా అవతలి గట్టున ఉంది. ముందున్న గొర్రె చెవులు లోయవైపు తిరగడం చూసి, ఒట్టావియో అడ్డంగా పరిగెత్తి అంచున చేతులు చాచి నిలబడ్డాడు. గొర్రె ఆగింది. మళ్లింది. దాని వెనకే మందంతా మళ్లింది.

ఆమె రొప్పుతూ వచ్చింది. "రేపు మంద చలికాలం మేతకి అపూలియా మైదానాలకి దిగుతోంది. వసంతం దాకా రాం."

"ఎర్సీలియా..."

"ఏంటి?"

"ఏం లేదు."

"మందని మళ్లించినవాడికి నోట్లో మాట కదలదా?"

"నువ్వంటే నాకు ప్రాణం. నేనూ వస్తా."

ఆమె తడిసిన గొంగళి సగం అతని భుజాల మీద కప్పింది.

తెల్లవారాక ఆమె తండ్రి డొనాటో అతని బూట్లకేసి చూశాడు. "వీటితో అపూలియా దాకా నడవగలవా బాబూ?"

"నడుస్తానండీ."

"మరి నీ నిఘంటువో?"

"మాటలు దారిలోనూ దొరుకుతాయండీ."

"అమ్మాయి చెప్పిందిలే. అపూలియా చేరగానే మీవాళ్లకి పెళ్లిమాట ఉత్తరంలో రాయి. నేనూ వేలిముద్ర వేస్తా." పెద్దాయన ఈలవేసి కుక్కల్ని పిలిచాడు. "పద, వెనకవైపు నువ్వు చూసుకో."

ముందు వరసలోంచి ఎర్సీలియా వెనక్కి తిరిగి చూసింది. ఆమె మళ్లీ ముందుకి తిరిగేదాకా మందంతా దారిలోనే ఆగిపోయింది.