వెలగని రక్తం

"నువ్వు కాపాడాల్సింది మనిషిని కాదు, బుడ్డిని," అంది విన్నీ టటిల్.

ఏజెంట్ ఆర్మండ్ మెడీరోస్ తన పై అధికారిణి చూపించిన ఫొటో వంక చూశాడు. చిటికెన వేలంత ప్లాస్టిక్ బుడ్డి. అడుగున లేత గులాబీ రంగు ద్రవం నాలుగు చుక్కలు. ఇరవయ్యేళ్ల సర్వీసులో ఇంతకన్నా చిన్న పని అతనికి ఎవరూ అప్పగించలేదు.

"ఎమిల్ వర్గా," అంది విన్నీ. "నిన్నటిదాకా విదేశీ ముఠాకి కొరియర్. ఇప్పుడు మన సాక్షి. మన జీతం తింటూ వాళ్లకి పనిచేసే మనిషెవరో మొహం చూసి చెప్పగలడు. కానీ రక్త క్యాన్సర్, ఇప్పుడు స్పృహలో లేడు. మిగిలింది ఒకే మందు. అది పైపొర మీద సీడీ-22 అనే రిసెప్టర్ ఉన్న కణాలనే పట్టి చంపుతుంది. ఉందో లేదో తేల్చేది ఈ బుడ్డిలోని యాంటీబాడీ. సీడీ-22 ఉంటే కణాన్ని అంటుకుని లేజర్ కింద వెలుగుతుంది. వెలగలేదా, మందు ఇవ్వరు."

"మనిషి పోతాడు. తుపాకీ ఖర్చు కూడా లేకుండా."

"అదే. గురువారం పరీక్షకి ముందే బుడ్డిని దొంగిలిస్తారట. ఊళ్లో ఇదొక్కటే ఉందట. సెలెస్ట్ చెప్పింది."

సెలెస్ట్ వారెన్ ల్యాబులకి యాంటీబాడీలు అమ్మే సేల్స్ మనిషి. ముఠాలో ఉంటూ రహస్యంగా ఏజెన్సీకి కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. ఎర్ర కోటు వేసుకుని ఆమె నడుస్తుంటే బోస్టన్ ఆసుపత్రుల్లో ప్రొఫెసర్లు పైపెట్లు వదిలేసి తలుపుల దగ్గరికి వచ్చేవారు.

మెడీరోస్ ఫ్రిజ్ మెకానిక్ వేషంలో ఆసుపత్రి ల్యాబులో దిగాడు. స్క్రూడ్రైవర్లో కెమెరా, ఫ్రిజ్ తలుపుకి అలారం. ఆ అలారం తలుపు తీసిన ప్రతివాడికీ మోగేది. ఆ ల్యాబులో ఫ్రిజ్ తలుపు తియ్యనివాడు లేడు. మొదటి రోజు మధ్యాహ్నానికే అతనికి తలప్రాణం తోకకొచ్చింది.

డోనట్ల డబ్బాతో వచ్చిన సెలెస్ట్ అతని పక్కన ఆగి కోడ్ మాట అంది. "ఈ ఫ్రిజ్ చల్లబడుతుందా?"

"బయటికన్నా తక్కువే," అన్నాడతను. బయట ఫిబ్రవరి.

"బుడ్డి ఒక్కసారే తెరవాలి, ఆర్మండ్. వర్గా రక్తం తప్ప ఇంకే శాంపిల్‌లోనూ ఒక్క చుక్క పడకూడదు. తెరిచిన ప్రతిసారీ మార్చేయడానికి వాళ్లకో అవకాశం."

మాట సబబుగానే తోచింది. ల్యాబు పెద్ద డాక్టర్ జూన్ హాల్వర్సన్‌ని పక్కకి పిలిచి, బ్యాడ్జి చూపించి అదే ఆర్డరు వేశాడు. ఆవిడ ఏదో చెప్పబోయింది.

"సెక్యూరిటీ రూల్, డాక్టరమ్మా. వాదించకండి."

గురువారం వచ్చింది. దొంగ రాలేదు. వర్గా రక్తంలో బుడ్డి నుంచి చుక్క పడింది, మెషీన్ తిరిగింది. తెర మీద ఒక్కో కణానికి ఒక్కో చుక్క. అన్నీ ఎడమ మూలన చీకట్లో ముద్దగా పడి ఉన్నాయి. ఒక్కటీ వెలగలేదు.

"సీడీ-22 లేదు. మందు కలిపి సిద్ధంగా పెట్టారు, ఇక పారేయమని ఫార్మసీకి కబురు పంపేశాను," అంది హాల్వర్సన్.

మెడీరోస్‌కి ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద అరవాలో తెలియలేదు. కాపలా ఇంత బాగా కాసి, ఈగని కూడా వాలనివ్వకుండా చూసి, చివరికి ఆ మనిషి చావు కబురు మోసుకెళ్లాలి.

"మెషీన్ తప్పు చూపించదా?"

"చూపిస్తే కంట్రోల్‌లో, అంటే సరిచూసుకునే శాంపిల్‌లో, తెలిసేది. మాలో ఎవరో ఒకరం చెయ్యి చాపి రక్తం ఇస్తాం. ఆరోగ్యంగా ఉన్న ప్రతి మనిషి రక్తంలోనూ సీడీ-22 కణాలు కొన్ని ఉంటాయి. అవి వెలిగితేనే యాంటీబాడీ మంచిదని నమ్మకం."

"మరి ఇవాళ ఎందుకు పెట్టలేదు?"

హాల్వర్సన్ అతన్ని పైనుంచి కిందకి చూసింది. "ఎవరో మెకానిక్ వద్దన్నాడు."

మెడీరోస్ చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "నాది తియ్యండి. ఫార్మసీకి ఫోన్ చేసి ఆగమనండి."

ఫార్మసీ ఫోన్ ఎవరూ ఎత్తలేదు. మెషీన్ దగ్గర ఒక పీహెచ్‌డీ కుర్రాడు కూర్చుని, ఈ స్లాట్ తాను బుక్ చేసుకున్నదనీ, ఎలుక ప్లీహాలు పాడైపోతాయనీ, లేవనన్నాడు. మెడీరోస్ బ్యాడ్జి చూపించాడు. కుర్రాడు క్యాలెండర్ చూపించాడు. ఆఖరికి హాల్వర్సన్ కుర్చీతో సహా అతన్ని పక్కకి తోసింది.

మెడీరోస్ రక్తం కూడా వెలగలేదు.

"మీకు రోగనిరోధక శక్తైనా పూర్తిగా లేకపోవాలి, ఈ బుడ్డి అయినా దొంగదవ్వాలి," అంది హాల్వర్సన్. "రంగు అదే, దేనికీ అంటుకోనిది పోశారు. ఇది మీ దాకా రాకముందు ఎవరి చేతిలో ఉంది?"

బుడ్డిని ఐస్ పెట్టెలో స్వయంగా తెచ్చిచ్చింది సెలెస్టే. దొంగతనం జరుగుతుందని చెప్పిందీ, కంట్రోల్ వద్దనిపించిందీ ఆమే. దొంగ చేతికి తాళాలివ్వడమే కాదు, దొంగ కోసం గుమ్మంలో కాపలా కూడా కాశాడు తను.

వరండాలోకి పరిగెత్తాడు. ఫలితం తెలుసుకోవడానికొచ్చిన ఎర్ర కోటు లిఫ్ట్ ముందు నిలబడి బటన్ నొక్కుతోంది. వారమంతా అతన్ని ఏడిపించిన లిఫ్ట్ అది, పిలిస్తే పలికిన పాపాన పోలేదు. ఇప్పుడూ పలకలేదు.

"ఎన్నాళ్ల నుంచి ఇలా?" అన్నాడు ఆమె మణికట్టు పట్టుకుని.

"మీరు జీతమివ్వడం మొదలుపెట్టినప్పట్నుంచి," అంది సెలెస్ట్. "నన్ను పట్టుకున్నా లాభం లేదు, ఆర్మండ్. మంచి బుడ్డి ఎప్పుడో సింక్‌లో పోశాను."

సెక్యూరిటీ వాళ్లకి ఆమెని అప్పగించి అతను ల్యాబులోకి వచ్చి కూలబడ్డాడు. "ఊళ్లో ఇంకోటి లేదుగా."

"ఎవరన్నారు?" అంది హాల్వర్సన్. "పై అంతస్తు వాళ్ల ఫ్రిజ్‌లో ఉంది. ఎదురు బిల్డింగులోనూ ఉంది. మాకు అయిపోతే వాళ్లనడుగుతాం, వాళ్లకి అయిపోతే మమ్మల్ని."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా."

"వాదించకండి అన్నారుగా."

పై అంతస్తు నుంచి బుడ్డి వచ్చింది. ఈసారి మెడీరోస్ రక్తంలో కొన్ని కణాలు తెర మీద కుడివైపుకి జరిగి వెలిగాయి. ఆ వెనకే వర్గా శాంపిల్ పెట్టారు. తెర కుడివైపు మొత్తం నిండిపోయింది. ఫార్మసీ ఇంకా ఫోన్ ఎత్తలేదు. మెడీరోస్ మెట్ల మీదుగా దిగి ఫార్మసీ తలుపు తోసుకుని వెళ్లేసరికి నర్సు మందు సంచిని పసుపు చెత్తడబ్బా మీద పట్టుకుని మూత తీస్తోంది. ఆ సంచి కింద రెండు చేతులూ పట్టాడు.

వర్గా వారం తర్వాత లేచి కూర్చున్నాడు. ఫొటోల్లోంచి సెలెస్ట్‌ని వేలు పెట్టి చూపించాడు. ఎముకల గూడులా ఉన్నాడు గాని కళ్లలో ప్రాణముంది.

"వచ్చే నెల కోర్టు," అంది విన్నీ. "అందాకా నీకు కాపలా ఉండాలి. ఎవర్ని పెట్టమంటావు?"

వర్గా మంచం చివర నిలబడ్డ మెడీరోస్‌ని తేరిపార చూశాడు.

"ఈయన్ని తప్ప ఎవర్నైనా పెట్టండి," అన్నాడు.