రమేష్‌బాబు పోయిన దారి

శృంగవరపుకోట దాటాక కొండ మొదట్లో ఆటో దిగేసరికి ఉదయం ఏడైంది. రాజకుమారి అన్నం డబ్బా, నీళ్ళ సీసా సంచిలో సర్దుకుని ఒంటరిగా ఎక్కడం మొదలుపెట్టింది. మూడేళ్ళ కిందట ఇదే మాఘమాసంలో, పైన గూడెంలో పసుపు బేరం చూసుకుని వస్తానని ఈ దారినే వెళ్ళాడు ఆమె మొగుడు రమేష్‌బాబు. మరి దిగి రాలేదు. ఊరు నాలుగు రోజులు వెతికి ఊరుకుంది. ఆమె ఊరుకోలేదు. ఏటా అదే రోజున కొండ నెత్తిన ఈ చివరినుంచి ఆ చివరికి నడిచి, పొద్దుగూకే వేళకి అవతల దిగుతుంది. మొదటిసారి తోడొచ్చిన మరిది రెండోసారి పనుందన్నాడు. ఈసారి ఆమె అడగనే లేదు.

పైన దారి మనిషి పట్టేంతే. ఇటు లోయ, అటు లోయ. మధ్యాహ్నం ఒక బండ మీద కూర్చుని సగం అన్నం తింది. మిగతా సగం ఆకులో పెట్టి అక్కడే వదిలేసింది. కిందెక్కడో రైలు కూత వేసింది. అంత దూరంలో అంతమంది మనుషులు ఎక్కడికో పోతున్నారనుకుంటూ లేచి సంచి భుజాన వేసుకుంది.

మూడు దాటాక మంచు కమ్మింది. మొదట లోయలు మాయమయ్యాయి. తర్వాత చెట్లు. తన పాదాలు తప్ప ఏమీ కనబడలేదు. ఎక్కడినుంచో పచ్చిపసుపు ఉడికిన వాసన వచ్చింది.

అప్పుడు విన్నది, వెనకాల అడుగుల చప్పుడు. తను ఆగితే ఆగింది. నడిస్తే నడిచింది.

“రాజీ.”

మూడేళ్ళుగా ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు.

“మావా?”

“ఎనక్కి సూడకు. నడు.”

భయం కంటే ముందు ఏడుపొచ్చింది ఆమెకి. “ఇన్నాళ్ళూ ఏటయిపోయావు?”

“ఇక్కడే ఉన్నాను. ఏటా నా పక్కనుంచే ఎల్లిపోతన్నావు. పాప బాగున్నాదా?”

“డిగ్రీ సదువుతన్నాది. ఇంటికాడ ఒక్కతే ఉన్నాది.”

“అదే ఇల్లా?”

“అదే.”

ఇక ఆగలేకపోయింది. తుఫానుకి లేచిపోయిన రేకులు, చచ్చిపోయిన ఆవు, రాత్రుళ్ళు పట్టని నిద్ర, అన్నీ చెప్పుకుంటూ నడిచింది. వెనకనుంచి ఊ కొడుతూనే ఉన్నాడు. మూడేళ్ళలో ఆమె అంత మాట్లాడింది ఆ గంటలోనే.

దిగుడు మొదలయ్యే చోట అడుగులు ఆగాయి.

“ఇంక నువ్వెల్లిపో,” గుసగుసగా అన్నాడు. “ఎనకాల ఒకడొస్తన్నాడు. నా గొంతుతోనే పిలుస్తాడు... పలక్కు.”

ఆమె పరుగెత్తింది. రాళ్ళు జారాయి. మోకాలు చీరుకుపోయింది. లేచింది... మళ్ళీ పరుగెత్తింది. అప్పుడు పైన, మంచులోంచి, ఆయాసపడుతూ అదే గొంతు.

“రాజీ... ఆగే... ఇందాకటి నుంచీ నీతో మాటాడినోడు... నేను కాదే...”

ఆమె ఆగలేదు. పలకలేదు. చెవులు మూసుకుని దిగిపోయింది.

రోడ్డు మీద టీ బడ్డీ లైటు కనబడేసరికి చీకటి పడుతోంది. ఫోనుకి సిగ్నల్ వచ్చింది. వెంటనే మోగింది. కూతురు సుహాసిని.

“అమ్మా, ఎక్కడున్నావు? నాన్న వచ్చీసినాడు!” పిల్ల ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

ఆ ఇద్దరిలో ఎవరు?

“సుహా... తలుపు తియ్యకే.”

“తీసీసినానమ్మా. అన్నం కూడా పెట్టినాను. కూకోమంటే కూకోడు.” సుహాసిని గొంతు తగ్గించింది. “గోడకేసి తిరిగి నిలబడ్డాడు. ఇటు తిరుగు నాన్నా అంటే...”

“అంటే?”

“మీ అమ్మని రానీ అంటన్నాడు.”